క్యాంటీన్ నూనె లెక్క మొదలు నైట్ షిఫ్ట్ టీ దాకా: పని చోట ఆరోగ్యంపై పాఠకుల ప్రశ్నలు

ఫ్యాక్టరీలు, ఆఫీసులు, వర్క్‌షాపుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఆరింటికి ఈసారి జవాబిస్తున్నాం. క్యాంటీన్ మీద వచ్చిన ప్రశ్నకే ఎక్కువ చోటిచ్చాం. రోజూ వందల మంది తినే వంట ఒక్క గంగాళంలో మారితే వచ్చే ఫలితం పది ఉపన్యాసాలతో రాదు.

ప్రశ్న: మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో మధ్యాహ్నం 400 మంది తింటారు. నూనె, ఉప్పు తగ్గించమని పైనుంచి సర్క్యులర్ వచ్చింది. మర్నాడే సగానికి సగం తగ్గించి వండించాం. చప్పగా ఉందని చాలామంది పళ్ళాలు వదిలేసి లేచిపోయారు. ఇప్పుడెలా?
*క్యాంటీన్ సూపర్‌వైజర్, జడ్చర్ల*

ఒక్క రోజులో సగం తగ్గించడమే పొరపాటు. తగ్గించే ముందు ఇప్పుడు ఎంత వాడుతున్నారో లెక్క తేలాలి. రెండు వారాల పాటు వంటింటి లెక్కను స్టోర్ రిజిస్టర్‌లో విడిగా రాయండి: పొద్దున డబ్బాలో ఎంత నూనె ఉంది, వంటయ్యాక ఎంత మిగిలింది, ఎన్ని ఉప్పు ప్యాకెట్లు విప్పారు, ఎన్ని కిలోల కూరగాయలు తరిగారు, ఎన్ని పళ్ళాలు లేచాయి. అప్పడాలు, బజ్జీలు వేయించాక బాణలిలో మిగిలిన నూనెను తూచి తీసేయాలి. లేకపోతే లెక్క తప్పుతుంది.

మీ దగ్గర రోజుకు 12 లీటర్లు ఖర్చవుతోందనుకుందాం. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. అంటే దాదాపు 10.9 కిలోలు, తలకు 27 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల భోజనానికి రోజు మొత్తానికి చెప్పిన నూనె, కొవ్వు కోటా కూడా 27 గ్రాములే. మీ వాళ్ళు ఆ కోటా అంతా ఒక్క మధ్యాహ్నం పూటే తినేస్తున్నారన్నమాట. ఇంటి దగ్గర పొద్దున దోసె, రాత్రి కూర ఇంకా ఉండనే ఉన్నాయి.

రెండు వారాలకు ఒక లీటరు చొప్పున తగ్గించండి. పది వారాల్లో 7 లీటర్లకు, అంటే తలకు 16 గ్రాములకు వస్తారు. నాలుక పెద్దగా గుర్తుపట్టదు. ఇది ప్రకటించి చేసే పని కూడా కాదు. ‘నేటి నుంచి ఆరోగ్య భోజనం’ అని బోర్డు పెడితే తినేవాళ్ళు మొదటి ముద్దలోనే చప్పదనం వెతుకుతారు.

నూనె ఎక్కడ పోతోందో వంట మాస్టర్‌ని అడిగితే తెలుస్తుంది. సాధారణంగా నాలుగు చోట్ల పోతుంది. ఒకటి, డబ్బాతో నేరుగా బాణలిలోకి వంచడం. డబ్బాను స్టోర్‌లోనే ఉంచి, ఏ వంటకానికి ఎంతో కొలిచి స్టీలు క్యాన్‌లో ఇవ్వండి. ఈ ఒక్క మార్పుతోనే మొదటి లీటరు తగ్గిపోవచ్చు. రెండు, వేపుళ్ళు. దొండకాయ, అరటికాయ, బంగాళాదుంప ముక్కల్ని ముందు ఆవిరి మీద ముప్పాతిక వంతు ఉడికించి, చివర్లో నూనెలో వేయిస్తే సగం నూనెతో పని జరుగుతుంది. వంకాయ నూనెను పీల్చేస్తుంది కాబట్టి మూతపెట్టి నీళ్ళు చిలకరిస్తూ మగ్గించాలి. వారంలో ఐదు రోజులు వేపుడు ఉంటే రెండుకు దించి, మిగతా రోజుల్లో పులుసు, ఇగురు, ఆకుకూర పప్పు పెట్టండి. మూడు, పోపు. పప్పుకు ఒకసారి, సాంబారుకు ఇంకోసారి, పెరుగుపచ్చడికి మరోసారి విడివిడిగా వేసే బదులు ఒకే పోపు వేసి మూడింటికీ పంచవచ్చు. నాలుగు, అప్పడాలు. వీటిని వారానికి ఒక రోజుకు పరిమితం చేయండి.

వేయించగా మిగిలిన నూనెను మర్నాటి పోపుకు వాడే అలవాటు చాలా క్యాంటీన్లలో ఉంది. దాన్ని ఖచ్చితంగా ఆపించాలి. నూనె పదేపదే కాగితే అందులో పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రత సంస్థ నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉంది. దీన్ని కొలిచే చేతి మీటర్లు దొరుకుతాయి. మీటరు లేకపోతే రంగు ముదిరినా, నురగ కట్టినా, మామూలు వేడికే పొగ వచ్చినా పారేయాల్సిందే. రోజుకు 50 లీటర్లు దాటి వేయించే వంటశాలలు ఈ నూనె లెక్కను రాసిపెట్టాలి.

ఇక ఉప్పు. రోజుకు మనిషికి 5 గ్రాములు మించకూడదు. 400 మందికి ఒక పూటకు కిలో ప్యాకెట్లు రెండు ఖర్చవుతుంటే తలకు 5 గ్రాములు అక్కడే అయిపోయాయి. మూడు వారాలకొకసారి 200 గ్రాముల చొప్పున తగ్గిస్తూ ఒక కిలోకు రండి. తగ్గించిన ఉప్పు స్థానంలో పులుపు పెరగాలి. దించే ముందు నిమ్మరసం, మామిడికాయ దొరికే రోజుల్లో పప్పులో రెండు ముక్కలు ఎక్కువ, పైన కొత్తిమీర, మిరియాల పొడి వేయండి. ఆవకాయ జాడీని బల్లల మీద నుంచి తీసి ఒక చివర కౌంటర్‌లో చిన్న చెంచాతో పెట్టండి. ఒక టేబుల్‌స్పూన్ ఆవకాయలో గ్రాముకు పైగానే ఉప్పు ఉంటుంది. అది చేతికి అందుతూ ఉంటే మీరు పప్పులో తగ్గించిందంతా అక్కడే తిరిగొస్తుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. బాయిలర్, ఫర్నేస్ దగ్గర పనిచేసేవాళ్ళకు చెమటలో ఉప్పు పోతుంది. వాళ్ళకు ఎండాకాలంలో పని చోటుకే ఉప్పు వేసిన పలుచని మజ్జిగ అందాలి. రెండోది, పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పును ఉమ్మడి వంటలో వాడకండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకు అది ప్రమాదం. 400 మందిలో అలాంటివాళ్ళు తప్పకుండా ఉంటారు.

అసలు చిక్కు కాంట్రాక్టులో ఉంటుంది. పళ్ళేనికి ఇంత అని రేటు ఇస్తే కాంట్రాక్టర్ అన్నంతో కడుపు నింపుతాడు, ఎందుకంటే అదే చవక. నూనె తగ్గితే ఆ మిగులు కూడా అతని జేబులోకే వెళ్తుంది. కాబట్టి ఒప్పందంలోనే రాయించండి: తరిగిన కూరగాయలు తలకు 150 గ్రాములు, అంటే 400 మందికి 60 కిలోలు. నూనె ఆదా ఎక్కడికి పోవాలో కూడా అందులోనే తేల్చండి. లీటరు 140 రూపాయలనుకుంటే 5 లీటర్లకు రోజుకు 700 మిగులుతాయి. కిలో 35 చొప్పున 20 కిలోల కీరా వస్తుంది. తలకు 50 గ్రాముల ముక్కలు. కౌంటర్‌లో ఆ ముక్కలు ముందు, తర్వాత కూర, పప్పు, చివర్న అన్నం ఉంచండి. ఆకలి మీద ఉన్న మనిషి మొదట కనపడినదాన్నే పళ్ళెం నిండా పెట్టుకుంటాడు. అయితే లోడింగ్ పని చేసేవాళ్ళకు అన్నం కోత పెట్టవద్దు. వాళ్ళ ఒంటికి ఆ శక్తి కావాలి.

1948 ఫ్యాక్టరీల చట్టం 46వ సెక్షన్ 250 మందికి మించి పనిచేసే చోట క్యాంటీన్ ఏర్పాటు గురించి చెప్పడంతో పాటు, దాని నిర్వాహక కమిటీలో కార్మికుల ప్రతినిధులు ఉండే ఏర్పాటునూ చెప్పేది. 2025 నవంబర్‌లో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 కార్మిక భద్రత కోడ్ ఆ సంఖ్యను, కాంట్రాక్టు కార్మికుల్ని కలుపుకొని, 100కు దించింది. మెనూ మార్పులు ఆ కమిటీలో చర్చకు పెట్టండి. మీ సర్క్యులర్‌కు ఎదురుతిరిగిన వాళ్ళే కమిటీలో కూర్చుని రుచి చూసి ఒప్పుకుంటే మిగతావాళ్ళు వింటారు.

ప్రశ్న: నేను బట్టల ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజర్‌ని. షిఫ్ట్ మొదట్లో పది నిమిషాల వ్యాయామం పెట్టమన్నారు. మా ఆడవాళ్ళు ‘రోజంతా పనే కదా, మళ్ళీ ఇదెందుకు’ అంటున్నారు. ఇద్దరు ముగ్గురు కళ్ళు తిరుగుతున్నాయని కూర్చుండిపోయారు.
*అచ్యుతాపురం*

వాళ్ళ ప్రశ్న న్యాయమైనదే. కానీ మిషన్ మీద వంగి ఎనిమిది గంటలు కుట్టడంలో మెడ, భుజాలు, మణికట్టు బిగుసుకుపోతాయి తప్ప గుండె, ఊపిరితిత్తులకు పని పడదు. చెకింగ్ టేబుల్ దగ్గర నిలబడేవాళ్ళకు పిక్కల్లో రక్తం నిలుస్తుంది. ఒళ్ళు అలిసిపోవడం వేరు, ఒంటికి వ్యాయామం కావడం వేరు. వాళ్ళకు కావలసింది గెంతులు కాదు, బిగిసిన చోట విడుదల.

పది నిమిషాలు ఒకేసారి వద్దు. గంటన్నరకు రెండు నిమిషాల చొప్పున, లైన్ ఆపి, ఉన్నచోటే చేయించండి. గడ్డాన్ని వెనక్కి నెట్టి ఐదు సెకన్లు ఉంచడం ఐదుసార్లు. భుజాలు వెనక్కి తిప్పడం పదిసార్లు. చేయి చాచి రెండో చేత్తో వేళ్ళను వెనక్కి వంచడం, ఒక్కో చేతికి పదిహేను సెకన్లు. టేబుల్ పట్టుకుని మడమలు ఎత్తి దించడం పదిహేనుసార్లు. ఆ సమయాన్ని ప్రొడక్షన్ టార్గెట్‌లో నుంచి తీసేయాలి. టార్గెట్ అంతే ఉంచి వ్యాయామం చేయమంటే అది వాళ్ళ నుంచి ఇంకో పది నిమిషాలు పిండుకోవడమే అవుతుంది. షిఫ్ట్ అయ్యాక పెడితే కంపెనీ బస్సు వెళ్ళిపోతుంది.

కళ్ళు తిరగడాన్ని తేలిగ్గా తీసుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మీ లైన్‌లో సగం మందికి అది ఉన్నా ఆశ్చర్యం లేదు. వ్యాయామానికి ముందు అందరికీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 12 గ్రాముల లోపుంటే రక్తహీనత, 8 లోపుంటే తీవ్రం. తీవ్రంగా ఉన్నవాళ్ళను వ్యాయామంలోకి కాదు, వెంటనే డాక్టర్ దగ్గరికి పంపాలి. పల్లీ చిక్కీ, బెల్లం పంచితే చాలనుకుంటారు. పల్లీలు మంచి తిండే కానీ తగ్గిన రక్తాన్ని అవి పూడ్చలేవు, ఐరన్ మాత్రలే పూడుస్తాయి. ప్రభుత్వ కార్యక్రమంలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్ర వారానికొకటి నివారణ కోసం ఇస్తారు. జబ్బు ఉన్నవాళ్ళకు డాక్టర్ చెప్పిన మోతాదు వేరుగా ఉంటుంది. మాత్ర వేసుకున్న గంటకు అటూ ఇటూ టీ తాగితే ఐరన్ సరిగా ఒంటబట్టదు. టీ విరామంలో మాత్ర పంచే ఫ్యాక్టరీలు చేసే తప్పు ఇదే. భోజనంలో నిమ్మకాయ ముక్క ఉంటే మేలు.

ఇంకొక్కటి అడిగి చూడండి. రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతున్నారు? టాయిలెట్‌కు వెళ్ళాలంటే టోకెన్ తీసుకోవాలన్నా, సూపర్‌వైజర్‌ని అడగాలన్నా ఆడవాళ్ళు నీళ్ళు తాగడమే మానేస్తారు. తలనొప్పి, మూత్రంలో మంట, నీరసం వెంటే వస్తాయి. సూపర్‌వైజర్‌గా ఆ టోకెన్ తీసేయించడం మీ చేతిలో ఉంటే, వ్యాయామం కంటే ముందు అది చేయండి.

ప్రశ్న: రాత్రి తొమ్మిదిన్నర నుంచి పొద్దున ఆరున్నర దాకా డ్యూటీ. రెండేళ్ళలో తొమ్మిది కిలోలు పెరిగాను. ఆఫీసులో జిమ్ ఉంది కానీ రాత్రి మూసేస్తారు. ఏం తినాలి, ఎప్పుడు తినాలి?
*గచ్చిబౌలి*

రాత్రి వేళ మన శరీరం చక్కెరను పగటంత బాగా సర్దుకోలేదు. అదే బిర్యానీ మధ్యాహ్నం తింటే ఒకలా, రాత్రి రెండింటికి తింటే ఇంకోలా రక్తంలో చక్కెర పెరుగుతుంది. అసలు భోజనం డ్యూటీకి ముందు, ఎనిమిదింటికి తినేయండి. పన్నెండు, ఒంటి గంట మధ్య చిన్నది: గుప్పెడు శనగల గుగ్గిళ్ళు, లేదా రెండు ఉడికించిన గుడ్లు, లేదా పెరుగు, ఒక జామకాయ. ఒంటి గంట నుంచి ఐదు దాకా ఏమీ తినవద్దు. ఇంటికెళ్ళాక ఒక ఇడ్లీ ప్లేటు తిని పడుకుంటే ఆకలికి మెలకువ రాదు. పొద్దున ఎనిమిదింటికి పడుకునేవాళ్ళు రాత్రి రెండింటి తర్వాత టీ, కాఫీ ఆపాలి.

టీ లెక్క కూడా చూడండి. రాత్రికి ఐదు కప్పులు, కప్పుకు రెండు చెంచాల పంచదార, చెంచాకు 5 గ్రాములు: మొత్తం 50 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2,000 కేలరీలు తినే మనిషికి చెప్పిన గరిష్ఠ హద్దు అదే. 25 లోపుంటే ఇంకా మంచిదంటుంది. చాలామందికి తెలియని విషయం, మిషన్ టీ ప్రీమిక్స్ ప్యాకెట్‌లోనే పంచదార కలిసి ఉంటుంది. ‘చక్కెర వద్దు’ బటన్ నొక్కినా అది ఎక్కడికీ పోదు. చక్కెర లేని ప్రీమిక్స్ కూడా అమ్ముతారు. మీ అడ్మిన్ వాళ్ళను అదే తెప్పించి, పంచదార సాచెట్లు పక్కన విడిగా పెట్టమనండి.

జిమ్ తెరవడం కోసం ఎదురుచూడకండి. పన్నెండింటికి తిన్నాక పదిహేను నిమిషాలు కారిడార్‌లో నడిస్తే తిన్న తర్వాత పెరిగే చక్కెర తగ్గుతుంది. వారానికి కావలసినది 150 నిమిషాలు. రాత్రికి పదిహేను చొప్పున ఐదు రాత్రుల్లో సగం వచ్చేస్తుంది, మిగతాది సెలవు రోజుల్లో. అలాగే వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం కావాలి. కుర్చీలో కూర్చుని లేవడం, గోడకు చేతులానించి పుష్-అప్‌లు చేయడం చాలు.

ప్రశ్న: మా కంపెనీలో రోజుకు ఎక్కువ అడుగులు నడిచినవాళ్ళకు, నెలలో ఎక్కువ బరువు తగ్గినవాళ్ళకు బహుమతులు పెడదామనుకుంటున్నాం. బరువులు నోటీసు బోర్డులో పెడతాం. మీ సలహా?
*హెచ్ఆర్ అధికారి, విశాఖపట్నం*

బరువు పోటీ వద్దు. బరువును బోర్డులో పెట్టడం అసలే వద్దు. నెలలో ఎక్కువ తగ్గాలంటే పస్తులుంటారు, తూకం ముందు రోజు నీళ్ళు కూడా మానేస్తారు. ఆ తగ్గింది మరుసటి నెలలో తిరిగొస్తుంది. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు ఇలా చేస్తే చక్కెర పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. అడుగుల పోటీలో ముందే నడిచే అలవాటున్న పదిమంది గెలుస్తారు, ఫోన్ చేత్తో ఊపేవాళ్ళు ఇంకొందరు గెలుస్తారు. సాయం అవసరమైనవాళ్ళు రెండో వారానికి తప్పుకుంటారు.

బహుమతి కావాలనుకుంటే వ్యక్తికి కాకుండా విభాగానికి ఇవ్వండి. విభాగంలో ఎంతమంది వారానికి ఐదు రోజులు అరగంట నడిచారన్నదే లెక్క. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు సిబ్బందిని తప్పకుండా కలపండి. చాలా కంపెనీలు వాళ్ళను వదిలేస్తాయి, కానీ పరీక్షలు చేయించుకునే అవకాశం బయట వాళ్ళకే తక్కువ.

ఆరోగ్య పరీక్షల ఫలితాలు డాక్టర్ దగ్గరే ఉండాలి. మీకు అందాల్సింది మొత్తం లెక్క మాత్రమే: ఎంతమందికి బీపీ ఎక్కువుంది, ఆరు నెలల తర్వాత వాళ్ళలో ఎంతమందికి అదుపులోకి వచ్చింది. ఎవరికి షుగర్ ఉందో మేనేజర్‌కు తెలుస్తుందన్న అనుమానం వస్తే మరుసటి క్యాంపుకు జనం రారు. నడుము కొలత తీసుకుంటే మన దేశస్థుల హద్దులు వాడండి: మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80. బీఎంఐ (ఎత్తుకు తగ్గట్టు బరువు ఉందో లేదో చెప్పే అంకె) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. పాశ్చాత్యుల 25, 30 హద్దులు పెట్టి చాలామందికి ‘నార్మల్’ అని రాసిచ్చేస్తున్నారు.

ప్రశ్న: కార్మికుల భోజనంపై ప్రభుత్వమే పథకం పెట్టిన దేశాలున్నాయా?
*డిగ్రీ విద్యార్థిని, అనంతపురం*

బ్రెజిల్ ఉంది. 1976లో మొదలైన వాళ్ళ కార్మిక ఆహార పథకంలో ఉద్యోగులకు భోజనం పెట్టే కంపెనీలకు పన్ను మినహాయింపు ఇచ్చారు. అప్పట్లో సమస్య తిండి చాలకపోవడం. అందుకని పెద్ద భోజనానికి 1,400 కేలరీలు ఉండాలన్నారు. కాలం మారింది, పనిలో శ్రమ తగ్గింది, కార్మికుల బరువు పెరగసాగింది. 2006లో నిబంధన మార్చి 600 నుంచి 800 కేలరీలకు దించారు. పెద్ద భోజనంలో పండు, కూరగాయలు తప్పనిసరి చేశారు. మన క్యాంటీన్ల మెనూలు కూడా చాలాచోట్ల బరువు పనుల కాలంలో రాసుకున్నవే. యంత్రాలు వచ్చినా గరిటె కొలత మారలేదు.

ప్రశ్న: ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ మాది. 30 మంది పనివాళ్ళు. క్యాంటీన్ లేదు, ఖర్చు పెట్టే స్తోమతా లేదు. గత ఏడాది మావాడొకడికి నలభై ఏళ్ళకే పక్షవాతం వచ్చింది. మేం చేయగలిగింది ఏమైనా ఉందా?
*షెడ్ యజమాని, విజయవాడ*

ఉంది. చేతికి పట్టీ చుట్టే డిజిటల్ బీపీ మిషన్ ఒకటి కొనండి. మణికట్టుకు పెట్టేది వద్దు, తప్పు చూపిస్తుంది. లావు చేతులవాళ్ళ కోసం పెద్ద పట్టీ కూడా తీసుకోండి. చిన్న పట్టీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. నెలకొకసారి, పని మొదలు పెట్టకముందు చూడాలి. అరగంట ముందు నుంచి టీ, బీడీ ఉండకూడదు. ఐదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్ళు నేలకు ఆనించి కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు రాయండి. వెల్డింగ్ మధ్యలో పిలిచి నిలబెట్టి చూస్తే ఆ అంకె పనికిరాదు.

వేర్వేరు రోజుల్లో రెండుసార్లు 140/90 దాటితే డాక్టర్‌కు చూపించాలి. 180/110 ఉంటే ఐదు నిమిషాలాగి మళ్ళీ చూసి, తగ్గకపోతే ఆ రోజే ఆసుపత్రికి పంపాలి. దానితో పాటు ఛాతీ నొప్పి, మూతి వంకరపోవడం, చేయి పట్టు తప్పడం, మాట తడబడడం ఉంటే 108కి ఫోన్ చేయాలి. 30 ఏళ్ళు దాటినవాళ్ళకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ పరీక్షలు ఉచితం. 30 మంది ఉన్నారు కాబట్టి నెలకు 21,000 లోపు జీతగాళ్ళకు ఈఎస్‌ఐ వర్తిస్తుంది, నమోదు చేయించండి. బీపీ మాత్రలు మొదలుపెట్టాక ‘తగ్గింది కదా’ అని మానేసేవాళ్ళే ఎక్కువ. నెల మధ్యలో ఒకసారి మాత్రల స్ట్రిప్ తెచ్చి చూపించమని అడగండి.

తిండి సంగతి టీ బండి దగ్గర తేలుతుంది. పదకొండింటికి, నాలుగింటికి వచ్చే మిర్చి బజ్జీ, పునుగుల బండివాడితో ముప్పై మంది తరఫున మాట్లాడండి. రోజుకు ముప్పై పొట్లాల గుగ్గిళ్ళో ఉడికించిన పల్లీలో అరటిపండ్లో ఖాయంగా కొంటామంటే అతనికీ అమ్మకం భరోసా ఉంటుంది. మొలకలు వద్దు. ఎండలో బండి మీద పచ్చి మొలకలు త్వరగా పాడై విరేచనాలు తెస్తాయి. షెడ్‌లో మంచినీళ్ళ క్యాను, సబ్బు ఉన్న కుళాయి, క్యారేజీ విప్పి తినడానికి నీడలో ఒక బల్ల ఏర్పాటు చేయండి. పెయింట్, గ్రైండింగ్ దుమ్ము చేతులతోనే అన్నం కలుపుకుంటున్నారేమో చూడండి, ఆ కుళాయి భోజనం బల్లకు పక్కనే ఉండాలి.